కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? టెంపరేచర్ సెన్సార్ రీడింగులపై తరచుగా అడిగే ప్రశ్నలు

పనిలో ఉండగా కంప్యూటర్ ఠక్కున ఆగిపోతోంది. వేడి వల్లేనని ఎలా తెలుస్తుంది?

ముందు ఆగిన తీరు గమనించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

స్క్రీన్ మీద "షటింగ్ డౌన్" అని కనిపించి, విండోస్ తన పద్ధతిలో తాను మూసుకుని ఆగితే, ఆపింది ఆపరేటింగ్ సిస్టమ్. ఏదో ఒక సెన్సార్ పంపిన అంకె దాని హద్దు దాటింది. అలా కాకుండా తెర నల్లబడి, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్కసారే పోతే, ఆపింది హార్డ్‌వేర్: ప్రాసెసర్, ల్యాప్‌టాప్‌లోని కంట్రోలర్ చిప్, లేదా పవర్ సప్లై. ఆగిన వెంటనే దానంతట అదే మళ్లీ ఆన్ అయితే మాత్రం వేడిని అనుమానించాల్సిన అవసరం తక్కువ. ర్యామ్, డ్రైవర్, పవర్ సప్లై వైపు చూడండి.

ఆగిన వెంటనే పవర్ బటన్ నొక్కి చూడండి. నిజంగా వేడే అయితే ఒకటి రెండు నిమిషాల్లో, కొన్నిసార్లు బూట్ అవుతుండగానే, మళ్లీ ఆగుతుంది. అరగంట చల్లారనిచ్చి ఆన్ చేస్తే ఎక్కువసేపు నడుస్తుంది. చల్లారినా చల్లారకపోయినా ఒకేలా ఆగుతుంటే, అది వేడి కాదు, లేదా సెన్సార్ అబద్ధం చెబుతోంది.

విండోస్‌లో ఎక్కడ చూడాలి?

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. కుడివైపున్న ఫిల్టర్‌లో 41, 86, 6008 అనే మూడు ఈవెంట్ ఐడీలు కామాలతో ఇవ్వండి.

41 చూడగానే చాలామంది కంగారుపడతారు. దాని పక్కన కెర్నల్-పవర్ అని ఉంటుంది కాబట్టి పవర్ సప్లై పోయిందని కొత్తది కొనేస్తారు. 41 చెప్పేది ఒక్కటే: కిందటిసారి సిస్టమ్ సరిగా మూసుకోలేదు. ప్లగ్ పీకేసినా అదే వస్తుంది. 6008 కూడా దాని తోబుట్టువే.

86 అసలైనది. క్రిటికల్ థర్మల్ ఈవెంట్ వల్ల ఆపేశామని విండోస్ స్వయంగా రాసే వాక్యం అది. అందులో ఏ థర్మల్ జోన్, అంటే సెన్సార్ కాపలా కాసే ఏ భాగం, అన్నది (టీజడ్ 00 లాంటి పేరుతో), దాని హద్దు ఎంత అన్నది ఉంటాయి. హద్దు కెల్విన్‌లో ఉంటుంది, 273 తీసేయండి. 372 అని ఉంటే 99 డిగ్రీలన్నమాట. ఆ జోన్ పేరు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

41 మాత్రమే ఉంది, 86 లేదు. అయితే వేడి కాదా?

అలా అని తేల్చేయలేం. ప్రాసెసర్ వేడెక్కినప్పుడు రెండు మెట్లు ఉంటాయి. మొదటిది దాని గరిష్ఠ హద్దు, చాలా ఇంటెల్ చిప్‌లకు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్ ఆగిపోదు, తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గక ఇంకో 20, 30 డిగ్రీలు పైకి పోతేనే రెండో మెట్టు. దాన్ని థర్మ్‌ట్రిప్ అంటారు. చిప్‌లోని సర్క్యూటే నేరుగా కరెంటు కత్తిరించమని బోర్డుకు చెబుతుంది. విండోస్‌కు ఒక్క అక్షరం రాసుకునే వ్యవధి కూడా ఉండదు, అందుకే 41 తప్ప ఏమీ మిగలదు.

దీన్నిబట్టి తేలే విషయాన్ని రిపేరు షాపుల్లో కూడా తరచూ మరిచిపోతారు. కాస్త దుమ్ము పట్టిన కూలర్ ఉన్న కంప్యూటర్ నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. ప్రాసెసర్ వేడితో నిజంగానే ఆగిందంటే కూలర్ ఊడి ఉండాలి, లేదా లిక్విడ్ కూలర్ పంపు చచ్చిపోయి ఉండాలి, లేదా ఫ్యాన్ పూర్తిగా ఆగి ఉండాలి. ఇవేవీ లేకపోతే అనుమానం ప్రాసెసర్ మీద నుంచి పవర్ సప్లై మీదికి, బోర్డులోని ఇతర సెన్సార్ల మీదికి మళ్లాలి.

ఆగిపోయాక రీడింగు చూసే వీలే లేదు కదా, ఎలా పట్టుకోవాలి?

లాగ్ పెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో సెన్సార్స్ విండో తెరిచి, కింద ఉన్న లాగింగ్ బటన్ నొక్కి, ఫైలును డెస్క్‌టాప్ మీద సేవ్ చేయమనండి. స్కాన్ వ్యవధి 2 సెకన్లు, లేదా 1 సెకను చాలు. తర్వాత ఏ పనిలో ఆగుతుందో అదే పని చేయండి. ఆగాక మళ్లీ ఆన్ చేసి ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, చిట్టచివరి పది వరుసలు చదవండి.

చివరి వరుసల్లో ప్రాసెసర్ 62, గ్రాఫిక్స్ కార్డు 70 ఉండి ఆగిపోతే ఈ రెండూ నిర్దోషులు. 97, 99, 100 అని ఎక్కుతూ వచ్చి ఆగితే నిజం వేడి. 48, 48, 127, అంతే, ఫైలు అయిపోయింది అంటే సెన్సార్.

ఎంత వేడి మామూలు, ఎంత ఎక్కువ?

చిప్‌ను బట్టి మారుతుంది, అన్నిటికీ ఒకే అంకె చెప్పేవారిని నమ్మకండి. ఏఎండీ ప్రాసెసర్లలో రైజెన్ 7000 వరుసకు గరిష్ఠం 95 డిగ్రీలు. పూర్తి లోడ్ మీద (అంటే బరువైన పని చేస్తున్నప్పుడు) 95 దగ్గరే నిలబడి పనిచేసేలా ఏఎండీ వాటిని తయారుచేసింది కాబట్టి అక్కడ 95 చూసి భయపడక్కర్లేదు. అదే వరుసలో 7800ఎక్స్3డీకి 89. అంతకుముందు 5800ఎక్స్‌కు 90. ఇంటెల్‌లో ఎక్కువ భాగానికి 100. గ్రాఫిక్స్ కార్డుల్లో ఏఎండీ రేడియాన్ హాట్‌స్పాట్‌కు (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు) 110 వరకు అనుమతి ఉంది, పక్కనే కనిపించే సాధారణ అంకె దానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు (వేగంగా పనిచేసే స్టోరేజ్ డ్రైవ్‌లు) 70 దాటాక మోడల్‌ను బట్టి నెమ్మదిస్తాయి.

రీడింగు అబద్ధమని గుర్తుపట్టడం ఎలా?

కొన్ని అంకెలు ముఖం చూడగానే దొరికిపోతాయి.

127, 255: ఎనిమిది బిట్ల రిజిస్టర్‌లో (చిప్‌లో ఒక అంకె దాచే గడి) పట్టే గరిష్ఠ విలువలు. అక్కడ సెన్సార్ అతికించనే లేదు, లేదా తీగ తెగింది. బోర్డు మీద మానిటరింగ్ చిప్‌కు (ఎక్కువగా ఐటీఈ లేదా నువోటాన్ కంపెనీది) ఆరేడు ఇన్‌పుట్లు ఉంటాయి. బోర్డు తయారీదారు వాటిలో రెండో మూడో వాడుకుని మిగతావి గాలికి వదిలేస్తాడు. ఆక్స్‌టిన్ అనే పేరుతో కనిపించేవి చాలావరకు ఇవే. మైనస్ 60 చూపినా, 110 చూపినా వాటిని పట్టించుకోకండి.

27.8, 29.8: బయట మే నెల ఎండ మండుతున్నా, వీడియో రెండరింగ్ నడుస్తున్నా ఈ రెండు అంకెలు కదలవు. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) రాసినవారు సెన్సార్‌కు బదులు ఒక స్థిర సంఖ్య పెట్టేశారు. బయోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు వేడి, పవర్ సంగతులు చెప్పే ఏసీపీఐ పద్ధతిలో ఉష్ణోగ్రతను కెల్విన్‌లో పదో వంతులుగా చెబుతారు. 3010 లోంచి 2732 తీసేస్తే 278, అంటే 27.8 డిగ్రీలు. గుండ్రంగా 301 కెల్విన్ అని రాసి చేతులు దులుపుకున్నారన్నమాట.

65261.8: లినక్స్‌లో ఎస్‌ఎస్‌డీ పక్కన హద్దుగా ఇది కనిపించి హడలెత్తిస్తుంది. సూర్యుడి ఉపరితలం కంటే పది రెట్లకు పైగా! 65535 లోంచి 273.15 తీసేసి చూడండి. ఆ డ్రైవ్‌కు హద్దు నిర్ణయించలేదని మాత్రమే అర్థం.

సెకనులో 40 నుంచి 75కు ఎగబాకింది. సెన్సార్ పాడైనట్టేనా?

ఏ సెన్సార్ అన్నదాన్ని బట్టి. ప్రాసెసర్ కోర్ లోపలి సెన్సార్ అయితే అది సహజమే. గోరంత సిలికాన్ ముక్కలోకి ఒక్కసారిగా వంద వాట్లు పోస్తే క్షణంలో 30 డిగ్రీలు ఎక్కుతుంది, లోడ్ తీసేస్తే అంతే వేగంగా దిగుతుంది. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ ఓసారి అరిచి ఊరుకునేది అందుకే.

బోర్డు మీది సెన్సార్, వోల్టేజ్ రెగ్యులేటర్ పక్కనుండేది, కూలింగ్ ద్రవానిది మాత్రం అలా దూకలేవు. రాగి, అల్యూమినియం, నీళ్లు వేడెక్కడానికి సమయం పడుతుంది. మదర్‌బోర్డు 38 నుంచి ఒక్క సెకనులో 115కు పోయి మళ్లీ 38కి వచ్చిందంటే అది వేడి కాదు, వదులు కనెక్షన్ లేదా చదవడంలో పొరపాటు.

చదవడంలో పొరపాటు ఎందుకు జరుగుతుంది?

ఎక్కువసార్లు కారణం, రెండు మానిటరింగ్ ప్రోగ్రామ్‌లు ఒకేసారి నడవడం. మానిటరింగ్ చిప్‌ను చదవాలంటే ముందు "ఫలానా రిజిస్టర్ కావాలి" అని చెప్పాలి, తర్వాత విలువ తీసుకోవాలి. మొదటి ప్రోగ్రామ్ అడిగి, తీసుకునేలోగా రెండోది ఇంకో రిజిస్టర్ అడిగితే, మొదటిదానికి ఫ్యాన్ వేగమో వోల్టేజో ఉష్ణోగ్రత వేషంలో చేరుతుంది. మర్యాద తెలిసిన ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి తాళం వేసుకుని వంతులవారీగా చదువుతాయి. మదర్‌బోర్డుతో, ఆర్‌జీబీ లైట్లతో వచ్చే కంట్రోల్ సాఫ్ట్‌వేర్లు అన్నీ ఆ పద్ధతి పాటించవు. వాటిని పూర్తిగా తీసేసి, ఒక్క ప్రోగ్రామ్‌తో రెండు రోజులు చూడండి. వింత దూకుళ్లు పోతే సమస్య తీరినట్టే.

ఏఎండీ ప్రాసెసర్‌కు రెండు ఉష్ణోగ్రతలు కనిపిస్తున్నాయి. ఏది నిజం?

టీడై అన్నది సిలికాన్ అసలు వేడి. టీకంట్రోల్ అన్నది ఫ్యాన్ నడపడానికి వాడే అంకె. తొలితరం రైజెన్‌లో 1700ఎక్స్, 1800ఎక్స్‌లకు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి టీకంట్రోల్‌గా చూపిస్తారు, 2700ఎక్స్‌కు 10, మొదటి థ్రెడ్‌రిప్పర్లకు 27. ఆ సంగతి తెలియని పాత ప్రోగ్రామ్ 60 ఉన్న చిప్‌ను 80గా చూపిస్తుంది. ప్రోగ్రామ్‌ను అప్‌డేట్ చేస్తే చాలు.

పాత కంప్యూటర్ ఎండాకాలంలోనే ఆగుతుంది. చలికాలమంతా బాగానే ఉంటుంది.

కూలర్ చేసే పని గది గాలి కంటే ఇన్ని డిగ్రీలు పైన చిప్‌ను నిలపడం, అంతే. ఏసీ గదిలో 26 దగ్గర లోడ్ మీద 80 చూపే ప్రాసెసర్ గాలికంటే 54 డిగ్రీలు పైన ఉన్నట్టు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం గదిలో 42 ఉంటే అదే కంప్యూటర్, అదే పని, 96. ఏదీ పాడవలేదు, ఉన్న వెసులుబాటు కాస్తా ఎండ తినేసింది.

మరీ పాత డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో పీసీ హెల్త్ పేజీ తెరవండి. షట్‌డౌన్ టెంపరేచర్ అనే ఎంపికలో 60, 65, 70, 75 అని ఉంటాయి. ఎవరో ఎప్పుడో 60 పెట్టి వదిలేస్తే ప్రతి ఏప్రిల్‌లోనూ కథ మొదలవుతుంది. దాన్ని 75కు మార్చి, కూలర్ శుభ్రం చేయండి.

కూలర్ విప్పి, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే పేస్టు మార్చాలి. వరస చెప్పండి.

కంప్యూటర్‌ను ఓ పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి మొదలుపెట్టండి. వెచ్చగా ఉంటే పాత పేస్టు మెత్తబడుతుంది. ఏఎం4 సాకెట్ రైజెన్‌కు ఇది మరీ ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి, కదిలాక ఎత్తండి.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ అరిగిపోతుంది, పైగా తిరిగే మోటారు బోర్డులోకి ఎదురు కరెంటు పంపుతుంది. రెక్కల మీది దుమ్ము కంటే ఫ్యాన్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య దుప్పటిలా పేరుకున్న పొర అసలు దోషి. ఫ్యాన్ విప్పితే తప్ప కనబడదు.

పాత పేస్టును 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలుపోగులు వదలని గుడ్డతో రెండువైపులా తుడవండి. కొత్త పేస్టు నడిమధ్యన శనగగింజంత. వేలితో పులమక్కర్లేదు, కూలర్ బరువే పరుస్తుంది. కొత్త కూలర్ అయితే అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. నవ్వకండి, కొత్తగా జతచేసిన కంప్యూటర్ బూట్ అయిన నిమిషానికే ఆగిపోతుంటే మొదట వెతకాల్సింది దాన్నే.

స్క్రూలను ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లొద్దు. ఎదురెదురు మూలలు, తలా రెండు మూడు చుట్లు. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు స్క్రూలుండవు, నాలుగు ప్లాస్టిక్ నొక్కుడు పిన్‌లు ఉంటాయి. వాటి మీది బాణం విప్పే దిశను చూపుతుంది. ఎదురెదురు పిన్‌లను టక్ మనేదాకా నొక్కి, బోర్డు వెనక నాలుగు కాళ్లూ ఒకేలా బయటికి వచ్చాయో లేదో టార్చి వేసి చూడండి. కంప్యూటర్‌ను ఆటోలోనో బస్సులోనో ఊరు మార్చిన తర్వాత ఆగిపోవడం మొదలైతే, ఈ నాలుగింటిలో ఒకటి ఊడి ఉండే అవకాశం ఎక్కువ. కూలర్ ఒక మూల లేచి ఉంటుంది, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

లిక్విడ్ కూలర్ ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అయినా నిమిషంలో 100.

పంపు. బయోస్‌లో దాని వేగం చూడండి, మోడల్‌ను బట్టి సుమారు 2000 నుంచి 3000 ఆర్‌పీఎం ఉండాలి. రెండు గొట్టాలనూ చేత్తో పట్టుకోండి. ఒకటి బాగా వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటే ద్రవం కదలడం లేదు. పంపు తీగను మామూలు ఫ్యాన్ పిన్నులకు గుచ్చి, వేడిని బట్టి వేగం మారేలా వదిలేసినా ఇదే గొడవ. బయోస్‌లో దాన్ని ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచండి.

ల్యాప్‌టాప్ చల్లగానే ఉంది, కానీ వేడెక్కిందని ఆగిపోతోంది.

ల్యాప్‌టాప్ బోర్డు మీద బియ్యపు గింజలో సగం కూడా లేని థర్మిస్టర్లు ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే రకం. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండేది 85 దగ్గర దాదాపు ఒకటిన్నర కిలో ఓమ్‌లకు పడిపోతుంది. కంట్రోలర్ చిప్‌కు తెలిసింది ఆ నిరోధమే, వేడి కాదు. కాబట్టి టీ ఒలికి, ఆరిపోయిన చక్కెర పొర థర్మిస్టర్ రెండు కొనల మధ్య కరెంటుకు చిన్న దారి ఇచ్చిందంటే నిరోధం తగ్గుతుంది, చిప్‌కు అది 90 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఏడాది పొడుగునా ఉప్పుగాలి తగిలే తీరప్రాంత ఊళ్లలో బోర్డు తుప్పు కూడా ఇదే పని చేస్తుంది.

ముందు ఖర్చులేని పని: షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. కంట్రోలర్ చిప్ తన పాత లెక్కలు మరిచిపోతుంది. తర్వాత తయారీదారు సైటు నుంచి బయోస్ అప్‌డేట్, అదీ చార్జర్ పెట్టి ఉంచి. అప్పటికీ అదే జోన్ పేరుతో 86 వస్తుంటే బోర్డు విప్పి ఆల్కహాల్‌తో కడగాలి, అవసరమైతే థర్మిస్టర్ మార్చాలి. భాగం చవకే. మైక్రోస్కోపు కింద హాట్ ఎయిర్‌తో చేసే చేతికే డబ్బులు.

గేమ్ ఆడితేనే ఆగుతోంది, ఉష్ణోగ్రతలన్నీ బాగున్నాయి.

పవర్ సప్లైకి కూడా సొంత ఉష్ణ రక్షణ ఉంటుంది, దాని అంకె చాలా మోడళ్లలో ఏ ప్రోగ్రామ్‌లోనూ కనిపించదు. ఆగాక వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తే తప్ప స్టార్ట్ కాకపోవడం దాని గుర్తు. దాని ఫ్యాన్ తిరుగుతోందా, గాలి పీల్చే వైపు గోడకో కార్పెట్‌కో ఆనిందా చూడండి. యూపీఎస్ మీద ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. గేమ్‌లో 400 వాట్లు లాగే కంప్యూటర్‌ను కరెంటు పోయిన క్షణంలో అది మోయలేదు.

పరీక్షగా పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి తగ్గించండి. టర్బో (ప్రాసెసర్ తెచ్చుకునే అదనపు వేగం) ఆగుతుంది, ప్రాసెసర్ లాగే కరెంటు, పుట్టే వేడి రెండూ తగ్గుతాయి. దాంతో షట్‌డౌన్లు ఆగితే సమస్య లోడ్‌ది, సెన్సార్‌ది కాదు.

లినక్స్‌లో ఎలా చూడాలి?

జర్నల్‌లో (లినక్స్ సిస్టమ్ లాగ్) గత బూట్ చివరి పంక్తులు చదవండి. "క్రిటికల్ టెంపరేచర్ రీచ్డ్" అన్న మాట ఉంటే ఆపింది కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ లాంటి భాగం. సిస్ డైరెక్టరీలో క్లాస్, దానిలో థర్మల్ కింద ప్రతి జోన్‌కూ టైప్, టెంప్ ఫైళ్లు ఉంటాయి. టెంప్‌లో 45000 అంటే 45 డిగ్రీలు, వెయ్యో వంతుల్లో రాస్తారు. ట్రిప్ పాయింట్ ఫైళ్లలో హద్దులుంటాయి. కొన్ని బోర్డుల్లో బయోస్ తప్పిదం వల్ల హద్దే హాస్యాస్పదంగా తక్కువగా రాసి ఉంటుంది.

ఈ షట్‌డౌన్‌నే ఆపేసే వీలు లేదా?

లినక్స్‌లో ఉంది. థర్మల్ మాడ్యూల్‌కు ఎన్ఓసీఆర్‌టీ అనే బూట్ ఎంపికను 1గా ఇస్తే ఏసీపీఐ క్రిటికల్ హద్దును కెర్నల్ పట్టించుకోదు. సెన్సార్ అబద్ధమని లాగ్‌తో రుజువయ్యాక, బోర్డు బాగయ్యేదాకా వాడుకోవచ్చు. థర్మ్‌ట్రిప్ మాత్రం చిప్‌లోనే ఉంది, దాన్ని ఏ సెట్టింగూ తీయలేదు. తీయలేకపోవడమే మంచిది. రుజువు లేకుండా మొదటి రోజే ఈ ఎంపిక పెట్టేవారు నిజం వేడిని దాచుకుని, బ్యాటరీ ఉబ్బాక తెలుసుకుంటారు.

రిపేరుకు ఇవ్వాల్సి వస్తే ఏం చెప్పాలి?

"హీటవుతోంది" అని మాత్రం అనకండి, పేస్టు మార్చి బిల్లు రాసి పంపిస్తారు. లాగ్ ఫైలు చివరి వరుసల ఫొటో, 86 ఉంటే అందులోని జోన్ పేరు, ఆగాక ఎంతసేపటికి మళ్లీ ఆన్ అవుతోందన్నది, ఈ మూడూ కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించి ఇవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే పది నిమిషాలు లోడ్ మీద నడిపించి చూడండి. ఏసీ ఉన్న షాపులో కాదు, వీలైతే బయట వరండాలో.